మసక మచ్చను వదిలెయ్యకు

మల్లేశ్వరం, బెంగళూరు

చి. సింధుకి పెదనాన్న ఆశీస్సులు.

హెబ్బాళలో ల్యాబులో చేరావని, పొదుగువాపు ఆవుల పాలలో స్టాఫ్ ఆరియస్ బ్యాక్టీరియాను చంపే ఫేజులనే వైరస్‌ల మీద పనని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వైరస్‌లతో పిల్ల ఏమైపోతుందోనని ఆవిడ బెంగ. ఫేజు బ్యాక్టీరియా జోలికి తప్ప మన జోలికి రాదని సర్దిచెప్పాను.

నమూనాలకు చిక్కబళ్లాపురం వైపు వెళ్తే అక్కడి రైతుల్లో చాలామంది తెలుగే మాట్లాడతారు. ఏ చన్ను గట్టిపడింది, ఏ సూది వేయించారు అని మొహమాటపడకుండా అడుగు. మొదటి ధారలు పారబోసి, చన్ను చివర స్పిరిట్ దూదితో తుడిచి అప్పుడు పట్టు. ఫేజుల కోసమైతే కొట్టం కాలువలో మురుగు కూడా తెచ్చుకో.

ప్లేకులు, అంటే ప్లేటులో పెరిగిన బ్యాక్టీరియా పొరను ఫేజు చంపిన చోట పడే మచ్చలు, వచ్చాక ప్లేటును కిటికీ దగ్గర వెలుతురుకెత్తి చూడు. కొన్ని మచ్చలు అద్దంలా తేటగా ఉంటాయి. కొన్నింటి నడుమ గంజి చుక్క పడ్డట్టు మసక. నా పీహెచ్‌డీ మూడో ఏట ఆ మసకను బ్యాక్టీరియాను పెంచే అగరు జెల్లీ సరిగ్గా పొయ్యకపోవడం వల్లేననుకుని ఎనిమిది నెలలు ఆ ఫేజునే పెంచాను. తీరా చూస్తే అది టెంపరేట్ ఫేజు. చంపాల్సింది పోయి బ్యాక్టీరియా క్రోమోజోములో దూరి కాపురం పెట్టింది. బతికిన కాలనీలన్నీ దాన్ని మోస్తున్నవే, మళ్లీ అదే ఫేజు పోస్తే వాటికి చీమ కుట్టినట్టయినా లేదు. మా గైడు ఒక్క మాట అనలేదు. తిట్టుంటే బాగుండేది.

అందుకే నీ ఫేజు జీనోము (మొత్తం డీఎన్ఏ వరస) చేతికి రాగానే ముందు ఇంటిగ్రేజ్ జన్యువు కోసం వెతుకు, ఫేజు క్రోమోజోములో దూరేది ఆ ఎంజైముతోనే, తర్వాత విషాల జన్యువుల కోసం. ఆరియస్‌లో బీటా హీమోలైసిన్ అనే విషం జన్యువు మధ్యలో దూరే ఫేజుల్లో కొన్ని ఎంటెరోటాక్సిన్ ఏ జన్యువును మోసుకొస్తాయి. ఆ విషం పాలు మరిగించినా పోదు. ఈ.కోలై ఓ157 అనే బ్యాక్టీరియాలో షిగా విషం జన్యువులూ ఫేజు తెచ్చిపెట్టినవే. కాపలాకి పెంచిన కుక్క దొంగకు తాళాలిచ్చినట్టు!

ఫేజును పగలగొట్టి డీఎన్ఏ తీసేముందు, బయట తేలే డీఎన్ఏను నమిలేసే ఎంజైము డీఎన్ఏస్ వెయ్యడం మరవకు. లేకపోతే బ్యాక్టీరియా డీఎన్ఏ కలిసి, లేని ఇంటిగ్రేజ్ ఉన్నట్టు కనబడుతుంది.

నాకు ముచ్చటైనది ఆరియస్‌ను చంపే ఫేజు కె. దాని డీఎన్ఏ పొడవు దాదాపు 1,48,000 బేస్ జతలు (అక్షరాల జతలు). కొన్ని ఆరియస్ రకాలు బయటినుంచి వచ్చిన డీఎన్ఏలో జీఏటీసీ అన్న నాలుగక్షరాలు కనబడిన చోటల్లా ఒక ఎంజైముతో కత్తిరిస్తాయి. అంత పొడవులో అవి వందల చోట్ల తగలాలి. ఫేజు కెలో ఒక్కటీ లేదు! ఎన్ని తరాల కత్తిరింపులు తిని ఇలా తయారైందో. నీ ఫేజులో ఎన్నున్నాయో లెక్కపెట్టి నాకు రాయి. ఆ ఎంజైముతో జెల్ మీద ముక్కలు కాకపోతే ఎంజైమును తిట్టుకోకు.

బ్రాత్‌లో (బ్యాక్టీరియాను పెంచే ద్రవంలో) చంపిందని పండగ చేసుకోవద్దు. ఇదే ఫేజు కె కాచిన పాలలో పనిచేసి, పచ్చిపాలలో చతికిలబడింది. పచ్చిపాల వే (పాలవిరుగుడు నీటి) ప్రొటీన్లు బ్యాక్టీరియా ఒంటికి పట్టుకుని ఫేజును అంటుకోనివ్వవు. నువ్వు రెండింటిలోనూ విడివిడిగా చూడాలి, అదీ మొదటి నెలలోనే.

ఆదివారం ఇంటికి రా, పెద్దమ్మ పెసరట్లు వేస్తానంది. వచ్చేటప్పుడు ప్లేట్ల ఫోటోలు తీసుకురా, వెలుతురుకెత్తి తీసినవి.

మీ పెదనాన్న