ఆవిరి సమ్మెట, గాజు గ్లాసులో గుడ్డు

ప్రశ్న: పెద్ద ఇనుప దిమ్మలను సాగగొట్టే ఆవిరి సమ్మెటతో, గాజు గ్లాసులోని కోడిగుడ్డును గ్లాసు చెదరకుండా చిట్లించేవారని చదివాను. నమ్మవచ్చునా? దాన్ని తయారుచేసినదెవరు? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: నమ్మవచ్చును. 1808లో ఎడిన్‌బరోలో చిత్రకారుడి కొడుకుగా పుట్టిన జేమ్స్ నాస్మిత్, మాంచెస్టర్ దగ్గర పాట్రిక్రాఫ్ట్‌లోని తన కర్మాగారంలో చూపరులకు ఈ విద్య ప్రదర్శించేవాడు. ఆవిరిని అదుపు చేసే మీట చేతిలో ఉంటే టన్నుల బరువున్న సమ్మెట కూడా గుడ్డు పెంకును తాకి ఆగుతుందన్నమాట.

అప్పటి సమ్మెటలను కొద్ది ఎత్తుకు లేపి వదిలేవారు. దాగలి మీది ఇనుము లావైన కొద్దీ సమ్మెట పడే ఎత్తు తగ్గి, గట్టి దెబ్బ కావలసిన చోటే దెబ్బ పలచబడేది. 'గ్రేట్ బ్రిటన్' ఓడకు తెడ్ల చక్రాలను తిప్పే భారీ ఇరుసు కావాలనీ, దాన్ని సాగగొట్టగల కొలిమి ఎక్కడా దొరకడం లేదనీ ఉత్తరం రాగానే, 1839 నవంబరు 24న నాస్మిత్ తన నోట్‌బుక్కులో బొమ్మ గీశాడు: సమ్మెటను నిలువు సిలిండరులోని పిస్టన్‌కే తగిలించి, ఆవిరితో ఎత్తి వదలడం.

తమాషా ఏమిటంటే, ఆ ఓడకు తెడ్ల చక్రాలు మాని మరచక్రం (నీటిలో తిరుగుతూ ఓడను తోసే ప్రొపెల్లరు) పెట్టారు, ఇరుసు అవసరమే లేకపోయింది. 1842లో ఫ్రాన్సులోని క్రూజో కర్మాగారానికి వెళ్ళిన నాస్మిత్, అక్కడ ఆవిరి సమ్మెట పనిచేస్తుండడం చూశాడు. తాను ఊళ్ళో లేనప్పుడు ఆ కర్మాగారం నుంచి వచ్చిన అతిథులు తన నోట్‌బుక్కులోని బొమ్మ చూసి వెళ్ళారని ఆయన కథనం. తిరిగివచ్చి అదే ఏడు పేటెంటు తీసుకున్నాడు.

1856లో, 48 ఏళ్ళకే వ్యాపారం మాని, చంద్రుణ్ణి దూరదర్శినితో పరిశీలిస్తూ 1890 దాకా జీవించాడు.