అర్హతల వాక్యంలో ‘లేదా’, ‘మరియు’

సందేహం: పడవలు నడపదలచిన యువకుల కోసం అర్హతలు తెలిపే కరపత్రం రాస్తున్నాను. ‘అభ్యర్థి పరీక్షలో ఉత్తీర్ణుడు లేదా నౌకాదళంలో పనిచేసినవాడు మరియు ఈత తెలిసినవాడు అయి ఉండవలెను’ అని రాస్తే, ఈత ఎవరికి అవసరమని మిత్రులు అడుగుతున్నారు. ఈత అందరికీ రావాలనే నా ఉద్దేశం. వయసు 18 నిండి ఉండాలని చెప్పడానికి ‘18వ ఏట ఉన్నవారు’ అనవచ్చునా? – ఒక పాఠకుడు, ములుగు

సమాధానం: మీ మిత్రుల ప్రశ్న సమంజసమైనదే. ‘లేదా’ రెండింటి నడుమ ఒక్కసారే నిలుస్తుంది కనుక, రెండో వికల్పం ఎక్కడ ముగిసిందో వాక్యం చెప్పలేకపోతున్నది. మన ‘గాని’ అలా కాదు. ప్రతి వికల్పం వెంటా వచ్చి దాని హద్దు చూపిస్తుంది. ‘పరీక్షలో ఉత్తీర్ణులైనవారుగాని, నౌకాదళంలో పనిచేసినవారుగాని దరఖాస్తు చేసుకోవచ్చు. ఎవరికైనా ఈత వచ్చి తీరాలి’ అని రెండు వాక్యాలుగా విడగొడితే ‘మరియు’ అవసరమే ఉండదు. ఈత నౌకాదళం వారికి మాత్రమే అయితే ‘ఈత వచ్చి, నౌకాదళంలో పనిచేసినవారుగాని’ అని ఆ వికల్పంలోనే చేర్చాల్సి వచ్చేది.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ (నదులు, కాలువల వంటి లోతట్టు జలాల్లో తిరిగే నౌకల) చట్టం, పరీక్ష నెగ్గినవారికి సామర్థ్య పత్రాన్నీ, నౌకాదళం, సైన్యం, కోస్ట్‌గార్డులకు చెందిన నౌకల మీద మాస్టరుగానో (అంటే నౌక నడిపే బాధ్యుడిగానో) ఇంజనీరుగానో నిర్ణీత కాలం పనిచేసినవారికి పరీక్ష లేకుండానే సేవా పత్రాన్నీ ఇవ్వవచ్చునంటుంది. మీ ‘నౌకాదళంలో పనిచేసినవాడు’ అన్న మాటలో అక్కడి వంటవాడూ ఇముడుతాడు. సైన్యం, కోస్ట్‌గార్డుల వారు మాత్రం మిగిలిపోతారు. ‘నౌకాదళం, సైన్యం, కోస్ట్‌గార్డు నౌకలపై మాస్టరుగాగాని, ఇంజనీరుగాగాని నిర్ణీత కాలం పనిచేసినవారు’ అని పూర్తిగా రాయండి, వాక్యం పొడవైనా సరే. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగినప్పుడు మన వరంగల్ దగ్గరి కడిపికొండవాసులూ ప్రాణాలు కోల్పోయారు. పడవ ఎవరి చేతిలో పెట్టాలో చెప్పే వాక్యంలో అస్పష్టత ఉండకూడదని నేను గట్టిగా కోరడం అందుకే.

వయసు విషయానికి వస్తే, ‘18వ ఏట ఉన్నవారు’ అంటే 17 నిండి 18 నిండనివారు. మీరు ఉద్దేశించినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. ‘18 ఏళ్లు నిండినవారు’ అనండి. ‘18 ఏళ్లు పైబడినవారు’ అన్నా చాలదు, సరిగ్గా పుట్టినరోజు నాడే దరఖాస్తు పెట్టే కుర్రవాడు అర్హుడో కాడో దానితో తేలదు.