తడిసిన పత్రికలకు గడువు రెండు రోజులే

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

మీ ఊరి గ్రంథాలయంలోని పాత వారపత్రికల బాధ్యత నీ మీద పడిందని తెలిసింది. మన శ్రీకాకుళం తీరాన కాగితానికి రామబాణం పురుగుకంటే అక్టోబరు నెలే పెద్ద గండం. 2014లో హుద్‌హుద్ తుఫాను అక్టోబరు 12న, 2018లో తిత్లీ తుఫాను అక్టోబరు 11న తీరం దాటాయి. అందుకే దసరాకు ముందే సరంజామా చూసుకో: అచ్చు పడని న్యూస్‌ప్రింట్ రెండు రీములు, పాలిథిన్ షీట్లు, నూలు దారం, మెత్తని బ్రష్షు, ఎన్95 మాస్కులు. కింది అర నేలకు జానెడు ఎత్తున, బీరువా గోడకు బెత్తెడు ఎడంగా ఉండాలి. గోడకు ఆనిస్తే చెమ్మ ఎక్కుతుంది, చెదల మట్టిదారీ కంటపడదు.

తడిసిన కాగితానికి బూజు పట్టడానికి మన ఉక్కలో రెండు రోజులు చాలు. సరిగ్గా ఆ రెండు రోజులే కరెంటుండదు. ముందు చెయ్యి వెయ్యాల్సింది లావుపాటి పుస్తకాల మీద కాదు, నున్నటి ఆర్టు పేపరు మీద అచ్చయిన బొమ్మల పుటల మీద. ఆ నునుపంతా తెల్లమట్టి, జిగురు కలిపిన పూత. తడిగా ఉన్నంతసేపే పుటలు విడతాయి. అంటుకుని ఆరిపోతే ఇటుకే, ఇక ఎవరి తరమూ కాదు. ఒక్కో పుట మధ్య న్యూస్‌ప్రింట్ పెట్టు.

మామూలు పుస్తకాన్ని నిలబెట్టి, కొద్దిగా తెరిచి, పదిహేను పుటలకో తెల్లకాగితం చొప్పున దూర్చు. అంతకంటే దట్టంగా దూరిస్తే కుట్టు తెగుతుంది. మొదటిరోజు రెండు మూడు గంటలకోసారి కాగితాలు మార్చు. అచ్చయిన దినపత్రిక వాడావో, దాని సిరా దీనికి అంటుతుంది. ఎండలో మాత్రం వెయ్యకు. పైపుట ఆరి ముడుచుకుపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది, పాత న్యూస్‌ప్రింట్ పచ్చబడి పెళుసెక్కుతుంది. కరెంటు వచ్చాక ఫ్యాను గోడవైపు తిప్పు, కాగితం మీదికి కాదు. ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడు. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

అన్నీ ఒకేసారి ఆరబెట్టలేవు. మిగిలినవాటిని పాలిథిన్‌లో వదులుగా చుట్టి, కుట్టువైపు కిందికి పెట్టి, ట్రేల్లో ఒకే వరుసగా పేర్చి, రొయ్యలు దాచే ఫ్రీజరుకు పంపు. మైనస్ 18 డిగ్రీల్లో బూజు ఎదగదు. తర్వాత తీరిగ్గా పదేసి తీసుకోవచ్చు. బంగాళాదుంపల కోల్డ్ స్టోరేజి సరిపోదు, అక్కడ బూజు నిదానిస్తుందంతే. ఫ్రీజరు వాళ్లతో ఇప్పుడే మాట్లాడి ఉంచు. తుఫాను మర్నాడు వాళ్ల సరుకు గొడవ వాళ్లకుంటుంది.

బూజు పట్టేస్తే తడిమీద తుడవకు, మరకై దిగిపోతుంది. పూర్తిగా ఆరాక, మాస్కు కట్టుకుని, ఆరుబయట బ్రష్షుతో దులుపు. డెట్టాలు, బ్లీచింగు జోలికి పోకు. నాఫ్తలీను ఉండలు బూజును ఆపవు.

చిరిగినచోట సెలోటేపు వెయ్యొద్దు. కొన్నేళ్లకు దాని జిగురు పచ్చబడి కాగితంలోకి ఇంకుతుంది. బైండింగు వాళ్లు పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అలవాటు పాతదే గానీ మైలుతుత్తంలోని రాగి లోహం కాగితాన్ని పుచ్చబెడుతుంది. గోధుమ గంజిపొడి ఒక పాలు, నీళ్లు అయిదు పాళ్లు కలిపి, సన్నసెగ మీద అరగంట తిప్పుతూ ఉడికించి వడగట్టు. రెండు రోజుల్లో వాడెయ్. అతుకుకు జపనీస్ టిష్యూ, అంటే పల్చగా ఉన్నా గట్టిగా ఉండే నారకాగితం, పెట్టు. తుప్పు పిన్నులు తీసేసి నూలు దారంతో కుట్టు. ఏటి మావా ఈ చాదస్తం అనుకుంటావేమో, తుప్పు చుట్టూ కాగితం ఊడి రావడం నువ్వే చూస్తావు.

శ్రీకాకుళంలో కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) 1997లో తెలుగు కథల కోసం పెట్టిన గ్రంథాలయం, కథానిలయం ఉంది కదా. నీ సంచికల జాబితా అక్కడి జాబితాతో సరిచూసుకో. వాళ్ల దగ్గర లేనివాటికి ఎర్ర చుక్క పెట్టు. తుఫాను కబురు రాగానే ముందు పై అరకు ఎక్కించాల్సినవి అవే. ఆ జాబితా నకలొకటి మీ ఇంట్లో ఉంచు. గ్రంథాలయంలోనే ఉంటే అదీ తడుస్తుంది.

మీ మావ