పక్కవాళ్లతో మన అడుగులు ఎందుకు కలుస్తాయి?

ఇద్దరు కబుర్లాడుతూ నడుస్తుంటే అడుగులు వాటంతటవే కలుస్తాయెందుకని అడిగారు. ఎదుటివాళ్ల కదలిక కంటికో చెవికో అందుతుంటే, తర్వాతిది ఎప్పుడొస్తుందో మెదడు ముందే అంచనా కడుతుంది. దానికి తగ్గట్టు మన లయ కొద్దికొద్దిగా సర్దుకుంటుంది.

అనుకరణ కూడా ఇలాగే తెలియకుండా జరుగుతుంది. 1999లో చార్‌ట్రాండ్, బార్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో పక్కవ్యక్తి కాలు ఊపితే పాల్గొన్నవాళ్లూ కాలు ఎక్కువగా ఊపారు. ముఖం రుద్దుకుంటే ముఖమే. అడిగితే ఆ సంగతే వాళ్లు గమనించలేదు! మరో ప్రయోగంలో, తమను అనుకరించిన వ్యక్తి పాల్గొన్నవాళ్లకు ఎక్కువ నచ్చాడు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే.

అయితే కలవడమంటే ఒకే పని చేయడమే కాదు. సంభాషణలో ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి మామూలుగా పట్టేది సుమారు 0.2 సెకన్లే. అంటే అవతలి మాట పూర్తికాకముందే జవాబు సిద్ధమవుతోందన్నమాట.