జాలరిపేటలో మాట్లాడబోయే ముందు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

తీరం వెంట ఊళ్లకు వెళ్లి తిమింగలాలు, డాల్ఫిన్లు, తాబేళ్ల గురించి చెప్పే పనిలో చేరానని రాశావు. చాలా సంతోషమేసింది. బడిలో జీవశాస్త్రం చెబుతూ, సెలవు దొరికినప్పుడల్లా విశాఖ తీరంలో భీమిలి నుంచి ముత్యాలమ్మపాలెం దాకా తిరిగినవాణ్ని. నాకు తెలిసింది నీతో చెప్పుకోవాలనిపించింది.

మొదటిసారి ఓ జాలరిపేటకు ప్రొజెక్టర్ పట్టుకెళ్లాను. వలల్లో చిక్కి చచ్చిన తాబేళ్ల ఫొటోలు గంటసేపు చూపించాను. వెనకాల కూర్చున్న ముసలాయన లేచి, "బాబూ, తాబేలు పడితే వల కోసి వదిలెయ్యమంటున్నావు. మరి ఆ వల మాకెవరు కొనిస్తారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు వెళ్లి, వల బాగుచేసుకుంటున్న ఆయన పక్కన కూర్చున్నాను. ఎంత వలకన్ను ఏ చేపకి, ఏ నెలలో ఎటు నీరు, డాల్ఫిన్లు ఎక్కడ ఎగురుతాయి అన్నీ ఆయనే చెప్పాడు. నా పాఠం ఆ రోజే మొదలైంది.

కాబట్టి నువ్వు ముందు విను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. అప్పుడు మగవాళ్లు ఊళ్లోనే ఉంటారు, మాట్లాడటానికి తీరిక ఉంటుంది. మిగతా రోజుల్లో బోట్లు ఒడ్డుకొచ్చే వేళ ఎవర్నీ కదిలించకు. వాళ్లకు చేప అమ్ముకోవాలన్న టెన్షన్ ఉంటుంది. చేపలమ్మే ఆడవాళ్లను సాయంత్రం కలువు. వాళ్లకు నచ్చిన మాట వారంలో పేటంతా తెలుస్తుంది.

వల కోస్తే వాళ్లకయ్యే నష్టం సంగతి దాటెయ్యకు. గుజరాత్‌లో తిమింగలపు సొర అనే పెద్ద చేపను నూనె కోసం, మాంసం కోసం చంపేవాళ్లు. 2001లో దాన్ని వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. 2004లో రామకథ చెప్పే మొరారి బాపు, "అది పురిటికి పుట్టింటికొచ్చిన కూతురు" అని అక్కడి జాలర్లకు చెప్పాడు. దాన్ని వదలడానికి కోసిన వలకు అటవీ శాఖ పరిహారం కూడా ఇచ్చింది. మాట, డబ్బు రెండూ కలిశాయి కాబట్టే పని జరిగిందని నా నమ్మకం. కూర్మనాథుడు వెలసిన శ్రీకూర్మం మన శ్రీకాకుళం దగ్గరే ఉంది. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే ఆలివ్ రిడ్లే తాబేలు గురించి పుట్టింటి మాట ఇక్కడా చెప్పొచ్చు. ఆ మాట మనసులో ఉంటేనే చెప్పు. దొంగ భక్తిని వాళ్లు ఇట్టే పసిగడతారు.

బోటువాళ్లకు తప్పక నేర్పాల్సింది ఒకటుంది. వలలో ఎక్కువసేపు ఉన్న తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకోలేక సొమ్మసిల్లుతుంది. చచ్చిపోయిందనుకుని నీళ్లలోకి విసిరేస్తే మునిగి నిజంగానే చస్తుంది. దాన్ని వెల్లకిలా తిప్పకుండా బోర్లానే ఉంచి, వెనక భాగాన్ని జానెడు ఎత్తులో నిలిపి, నీడలో తడిగుడ్డ కప్పాలి. కొన్ని గంటలకు కదలొచ్చు, కదిలితే ఇంజిన్ ఆపి మెల్లగా నీళ్లలోకి దించాలి. చేతులతో చేసి చూపించు. తాబేలు లేకపోతే బోర్లించిన గమేళా చాలు.

తిమింగలానికీ తిమింగలపు సొరకీ తేడా చెప్పమని పిల్లలు తప్పకుండా అడుగుతారు. 2021 డిసెంబరులో తంతడి తీరానికొచ్చి, మళ్లీ సముద్రంలోకి చేరిన 2 టన్నుల జీవి తిమింగలపు సొర. అది చేప. మొప్పలతో ఊపిరి పీలుస్తుంది, తోక నిలువుగా ఉంటుంది. తిమింగలానికి మనలాగే ఊపిరితిత్తులు, తోక అడ్డంగా ఉంటుంది, పిల్లకు పాలిస్తుంది. నీలి తిమింగలం 30 మీటర్ల దాకా పెరుగుతుందంటే పిల్లలకు ఊహకందదు. బీచ్‌రోడ్డు మీద కురుసుర జలాంతర్గామి పక్కన నడిపించు. అది 91 మీటర్లు. అందులో మూడో వంతు దగ్గర ఆపి, "ఇదిగో, ఇంత" అను. ఒకసారి ఓ చిన్నది అక్కడ చేతులు చాచి నిలబడిపోయింది, ఎంత పిలిచినా రాలేదు.

డాల్ఫిన్ ప్రాణంతో ఒడ్డున పడితే జనం తోక పట్టి లాగుతారు, నెత్తిన నీళ్లు కుమ్మరిస్తారు. నెత్తి మీదున్న రంధ్రమే దాని ముక్కని అందరికీ చెప్పు. అందులో నీళ్లు పోకూడదు. ఒంటి మీద తడిగుడ్డ, పైన నీడ, చుట్టూ ఖాళీ, వెంటనే అటవీ శాఖకు ఫోన్. ఆ నంబరు ప్రతి బోటు యజమాని ఫోన్లో నీ ఎదుటే సేవ్ చేయించు. చచ్చి కొట్టుకొచ్చినదాన్ని మాత్రం ముట్టుకోనివ్వకు, జబ్బులంటుకుంటాయి.

ప్లాస్టిక్ గురించి అందరూ చెబుతున్నారు, నువ్వు ఒక్క మాటతో సరిపెట్టు.

అమావాస్య దాటాక నీరు బాగా వెనక్కి పోతుంది. ఆ ఆదివారం తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరకు వెళదాం. గుంటల్లో సన్యాసి పీతలు, నీళ్లలో పువ్వుల్లా విచ్చుకునే ఎనిమోన్లనే జీవులు చూపిస్తాను. రాళ్లు నాచుతో జారతాయి, చెప్పులొద్దు, పట్టున్న బూట్లు వేసుకో. నీటి వేళ చూసి ముందురోజు ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న