సీటు రాలేదని కాదు, చేతులు ఆడలేదని

ప్రశ్న: మాది పరకాల. మా అమ్మాయి హనుమకొండలో హాస్టల్లో ఉండి బీఎస్సీ లైఫ్ సైన్సెస్ రెండో సంవత్సరం చదువుతోంది. నీట్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. ఆ మధ్య ములుగు రోడ్డులో యాక్సిడెంట్ అయి ఒకతను పడి ఉంటే అందరూ చూస్తూ నిలబడ్డారట, తనకూ ఏం చేయాలో తోచలేదట. అప్పటి నుంచి ట్రామా (దెబ్బలు తగిలినవాళ్లకు చేసే అత్యవసర వైద్యం) ట్రైనింగ్ తీసుకుంటానంటోంది. హైదరాబాద్‌లో ఒక సంస్థ ఆరు నెలల 'అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్ డిప్లొమా'కు 85 వేలు అడుగుతోంది. గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఇది చేయించాలా, బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్), ఏసీఎల్ఎస్ (అడ్వాన్స్‌డ్ కార్డియాక్ లైఫ్ సపోర్ట్) మంచివా, రెడ్‌క్రాస్ సర్టిఫికెట్ సరిపోతుందా? ఏది చేస్తే డాక్టర్ లైన్‌కు దగ్గరగా ఉంటుంది? పోలీసు కేసుల్లో ఇరుక్కుంటుందేమోనని వాళ్లమ్మకు టెన్షన్.
– ఒక తండ్రి, పరకాల

జవాబు: మీ అమ్మాయి అడిగింది ఒకటి, మీరు నన్ను అడిగింది ఇంకొకటి. రోడ్డు మీద మనిషి పడి ఉంటే ఏం చేయాలో నేర్చుకుంటానని తను అంటోంది. డాక్టర్ లైన్‌కు ఏది దగ్గర అని మీరు అడుగుతున్నారు. నీట్ ఫలితాలు వచ్చి వెళ్లాక ఇలాంటి ఉత్తరాలు నాకు కట్టలుగా వస్తాయి. కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ అడుగున ఉండే బాధ అదే: రేపు పెళ్లిళ్లలో చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి? కోపం తెచ్చుకోకండి. రెండేళ్లు ఆ పరీక్ష చుట్టూ తిరిగిన పిల్ల ఇప్పుడిప్పుడే సొంతంగా ఒకటి కావాలని నోరు తెరిచింది. దాన్ని కూడా మీరు ఎంబీబీఎస్ లెక్కలో జమ వేస్తే ఎలా?

ముందు ఆ 85 వేల సంగతి. కట్టకండి. అడ్వాన్స్ ఇచ్చి ఉంటే రసీదు చూపించి వెనక్కి అడగండి.

అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్ అనే కోర్సు నిజంగానే ఉంది, దాన్ని ఏటీఎల్ఎస్ అంటారు. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో ఒక ఎముకల డాక్టర్ కుటుంబంతో వెళ్తుండగా ఆయన నడుపుతున్న చిన్న విమానం పొలంలో కూలింది. భార్య చనిపోయింది, పిల్లలకు తీవ్ర గాయాలయ్యాయి. దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో పిల్లలకు జరిగిన వైద్యం చూసి, దెబ్బలు తగిలిన మనిషిని ఏ వరుసలో చూడాలో పల్లె డాక్టర్లకు ఎవరూ నేర్పలేదని ఆయనకు అర్థమైంది. అక్కడి నుంచి పుట్టిన కోర్సును 1980లో అమెరికా సర్జన్ల కాలేజీ తీసుకుంది. అంటే అది డాక్టర్ల కోసం డాక్టర్లు చేసుకున్నది, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. రెండు మూడు రోజుల డాక్టర్ల కోర్సు పేరు పెట్టుకుని డిగ్రీ చదివే పిల్లకు ఆరు నెలల డిప్లొమా అమ్ముతున్నారంటే ఆ సంస్థ గురించి ఇంకేం తెలుసుకోవాలి? ఇక గల్ఫ్ గ్యారంటీ. అక్కడ అంబులెన్స్‌లో పనిచేయాలంటే ఆ దేశపు లైసెన్సు కావాలి, దానికి గుర్తింపు ఉన్న చదువూ అనుభవమూ చూస్తారు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లకు గల్ఫ్ ఏజెంట్ల సంగతి నేను చెప్పక్కర్లేదు. మీ చుట్టాల్లోనే ఎవరో ఒకరు చెబుతారు.

బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయాయి. పిల్లలు వరసగా సర్టిఫికెట్లు తెచ్చి బయోడేటాలో పేరుస్తున్నారు. వాటి మీద నాకున్న అనుమానం కాస్త వివరంగా చెబుతాను. ఈ రెండూ ప్రధానంగా గుండె ఆగిన మనిషి కోసం తయారైనవి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డుకు రెండేళ్లే గడువు. ఏసీఎల్ఎస్‌లో ఈసీజీ చదవడం, ఏ మందు ఎప్పుడు ఎంత ఎక్కించాలో నిర్ణయించడం ఉంటాయి. డాక్టర్లు, నర్సులు, అంబులెన్స్ సిబ్బంది రోజూ చేసే పని అది. మీ అమ్మాయి అది పాసైనా అడ్రినలిన్ ఇంజెక్షన్ ఆమె చేతికి ఎవరిస్తారు? ఇవ్వకూడదు కూడా. ఊళ్లో ఆర్‌ఎంపీలను చూస్తూనే ఉన్నాం, గోడ మీద తగిలించిన సర్టిఫికెట్ ఎక్కడిదాకా పోతుందో. పేరులో 'అడ్వాన్స్‌డ్' అని ఉన్న కాగితం చేతికొచ్చాక, సెలైన్ పెట్టమ్మా, కుట్టు వెయ్యమ్మా అని అడిగేది ముందు ఇంట్లోవాళ్లే. అది ఆమెకు చట్టపరంగా చిక్కు, పేషెంటుకు ప్రాణాంతకం.

ఇంకో మాట. యాక్సిడెంట్‌లో గుండె ఆగిందంటే చాలాసార్లు ఒంట్లో రక్తం పోవడం వల్లే ఆగుతుంది. రక్తాన్ని ఆపకుండా ఛాతీ ఎంత నొక్కినా లాభం తక్కువ. మీ అమ్మాయి చూసింది యాక్సిడెంట్, మీరు బేరమాడుతున్నది గుండె కోర్సు.

రోడ్డు పక్కన మామూలు మనిషి చేయగలిగిన పనులు కొన్నే. ముందు తనకు వాహనాలు తగలకుండా చూసుకోవడం. 108కి ఫోన్ చేసి ఎక్కడున్నారో సరిగా చెప్పడం. రక్తం చిమ్ముతున్న చోట శుభ్రమైన గుడ్డ పెట్టి, మధ్యమధ్యలో తీసి చూడకుండా గట్టిగా అదిమి పట్టడం. శ్వాస ఆడుతోందో లేదో గమనించడం. మెడ కదలనివ్వకపోవడం. స్పృహలేని మనిషి నోట్లో నీళ్లు పోయబోయేవాళ్లను ఆపడం. మన దగ్గర ఇదొక్కటే సగం పోరాటం. మనిషిని మడిచి ఆటోలో కుక్కకుండా చూడడం మిగతా సగం. వినడానికి ఇవి ఏమీ కానట్టు ఉంటాయి. కానీ జనం అరుస్తుంటే, చేతికి రక్తం అంటుకుంటే, ఇవే చేయడానికి చేతులు రావు. మీ అమ్మాయికి ఆ రోజు జరిగింది అదే. సాధన లేనివాళ్లకు ఎవరికైనా అంతే. తప్పు చేశానని తను కుమిలిపోతుంటే, ఆ మాట ముందు ఇంట్లో మీరే చెప్పండి.

వరంగల్‌లో దొరికేవి చూద్దాం. ఇండియన్ రెడ్‌క్రాస్ హనుమకొండ శాఖలో ప్రథమ చికిత్స శిక్షణ తర్వాతి బ్యాచ్ ఎప్పుడో అడగండి. సెయింట్ జాన్ అంబులెన్స్ సర్టిఫికెట్ కూడా ఇదే స్థాయిది. దాన్ని చిన్నచూపు చూడకండి. సింగరేణి బొగ్గు గనుల్లో సర్దార్, ఓవర్‌మ్యాన్ (పని పర్యవేక్షించేవాళ్లు) పరీక్షలు రాసేవాళ్లకు ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉండాల్సిందే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా ఫస్ట్ ఎయిడ్ బాక్స్ బాధ్యత చూసే మనిషికి అలాంటి సర్టిఫికెట్ ఉండాలనే పెట్టింది. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే సీపీఆర్‌కైతే మన దేశంలో మత్తు డాక్టర్ల సంఘం మామూలు జనం కోసమే తయారుచేసిన సీఓఎల్ఎస్ (కంప్రెషన్ ఓన్లీ లైఫ్ సపోర్ట్) పద్ధతి ఉంది. నోట్లో ఊదక్కర్లేదు, నిమిషానికి 120 సార్లు ఛాతీ నొక్కడమే. కాలేజీ వాళ్లు అడిగితే వచ్చి నేర్పే మత్తు డాక్టర్లు ఉంటారు. మీ అమ్మాయి ప్రిన్సిపల్ గారికి ఒక దరఖాస్తు పెడితే తనొక్కతే కాదు, క్లాసంతా నేర్చుకుంటుంది. రక్తం ఆపడం మీద 'స్టాప్ ద బ్లీడ్' అని 2015లో అమెరికాలో మొదలైన కొద్ది గంటల శిక్షణ ఉంది. అది మామూలు మనుషుల కోసమే పెట్టింది. హైదరాబాద్ ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో దాని గురించి అడగొచ్చు.

ఇంతకన్నా లోతుగా, డాక్టర్ కాని మనిషికి దొరికేది ఏదైనా ఉందా అంటే, నాకు నచ్చినది ఒకటుంది. వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ రెండు రోజులు, వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ పది రోజుల దాకా. ముస్సోరీ దగ్గర లాండౌర్‌లోని హానిఫల్ సెంటర్ ఇలాంటివి నడుపుతుంది. పర్వతాలెక్కేవాళ్ల కోర్సు కదా మనకెందుకు అనుకుంటారేమో. ఆసుపత్రి గంటల దూరంలో ఉన్నప్పుడు ఏం చేయాలన్నదే దాని పాఠం. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో వాన పడి వాగు పొంగిన రోజు మన పరిస్థితీ అదే. 2023 జూలై వరదల్లో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు ఆ ఊరివాళ్ల దగ్గరికి అంబులెన్స్ ఏ దారిన పోతుంది? ఆ కోర్సులో ఒకరికి దెబ్బలు తగిలినట్టు నటింపజేసి, చీకట్లో, బురదలో చేయిస్తారు. ఖర్చు ఎక్కువే, ప్రయాణమూ ఉంది. డిగ్రీ అయ్యాక వేసవిలో ఆలోచించొచ్చు, ఇప్పుడే తొందర లేదు. ఆన్‌లైన్ ట్రామా కోర్సులు మాత్రం వద్దు. అది పుస్తకంలో ఈత నేర్చుకుని బావిలో దూకడమే.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల 'ఆపద మిత్ర' శిక్షణ మీ జిల్లాలో ఉందేమో కలెక్టరేట్‌లో కనుక్కోండి, అది ఉచితం. నేర్చుకున్నాక చేతులు తుప్పు పట్టకుండా మేడారం జాతరలాంటి చోట వాలంటీర్‌గా నిలబడితే, సర్టిఫికెట్ నేర్పనిది అక్కడ నాలుగు రోజుల్లో వస్తుంది.

వాళ్లమ్మ టెన్షన్ గురించి. సుప్రీంకోర్టు 2016లో, ఆ తర్వాత 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్, సాయం చేసినవాళ్లకు రక్షణ ఇచ్చాయి. మంచి మనసుతో, ఏమీ ఆశించకుండా చేసిన సాయంలో పొరపాటు జరిగినా కేసు పెట్టడానికి వీల్లేదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, ఆసుపత్రిలో కూర్చోబెట్టకూడదు. పైగా తీవ్రంగా గాయపడ్డవాళ్లను మొదటి గంటలోపు ఆసుపత్రికి చేర్చినవాళ్లకు కేంద్రం 25 వేల రూపాయల బహుమతి కూడా ప్రకటించింది. అమ్మగారికి ఈ పేరా చదివి వినిపించండి.

మిగిలింది ఉద్యోగం. మీరు అసలు ఇదే ముందు అడిగి ఉండాల్సింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108లో ఈఎంటీలుగా (అంబులెన్స్‌లో పేషెంటును చూసుకునే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్లు) బీఎస్సీ లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లను కూడా తీసుకుని వాళ్లే శిక్షణ ఇస్తూ వచ్చారు. అంటే మీ అమ్మాయి ఇప్పుడు చదువుతున్న డిగ్రీయే దానికి దారి. దాన్ని మధ్యలో ఆపి వేరే డిప్లొమాలో చేర్చడం శుద్ధ దండగ. జీతం పెద్దగా ఉండదు, పన్నెండు గంటల షిఫ్టులు, రాత్రిళ్లు. అంబులెన్స్ ఉద్యోగమా అని మీ బంధువులు మూతి విరుస్తారు. మీకూ అలాగే అనిపిస్తే ఒక రాత్రి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీ గేటు దగ్గర నిలబడి, లోపలికి స్ట్రెచర్ తెచ్చేది ఎవరో చూసి రండి. పూర్తిగా ఈ వృత్తిలోకే పోవాలంటే బీఎస్సీ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ ఉంది, కానీ మళ్లీ మొదటి ఏడాది నుంచి చదవాలి. 2021 అలైడ్ హెల్త్ చట్టంలో ఈ వృత్తికీ చోటు ఉంది కాబట్టి గుర్తింపు లేని డిప్లొమాల విలువ రాను రాను తగ్గేదే.

అందుకని ఈ సెమిస్టర్ పరీక్షలు కానివ్వండి. తర్వాత రెడ్‌క్రాస్ బ్యాచ్‌లో చేరనివ్వండి, దానికి మీ జేబుకు పెద్ద బరువు ఉండదు. 108లో చేరాలనుందా, ఎమ్మెస్సీ చదువుతూ ఇది పక్కన ఉంచుకుంటుందా అన్నది ఆ తర్వాత తననే అడగండి. ఈసారి ఉత్తరం మీరు కాదు, తను రాయాలి. కాలేజీల పేర్లు అప్పుడు మాట్లాడుకుందాం.