సామెతల గ్రంథంలోని చిన్న కుందేలు అసలు ఏ జంతువు, ఇంగ్లిష్‌లో దాని పేరేంటి?

మీరు అడిగింది ఇదీ: సామెతలు 30వ అధ్యాయంలో చీమలు, మిడతలు, బల్లితో పాటు బండ సందుల్లో కాపురముండే చిన్న కుందేళ్లు ఉన్నాయి. ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్లో వాటిని కోనీ అన్నారు, ఇంకోదాంట్లో రాక్ బ్యాడ్జర్, ఈమధ్య వచ్చినవాటిలో హైరాక్స్. ఇవన్నీ ఒకటేనా?

ఒకటేనండి. కుందేలు మాత్రం కాదు. ఇప్పుడు ఇంగ్లిష్‌లో వాడే సరైన పేరు రాక్ హైరాక్స్, హీబ్రూలో షఫాన్. ఆఫ్రికాలోనూ, ఇజ్రాయెల్, జోర్డాన్, అరేబియా వైపు కొండల్లోనూ ఉంటుంది. మన దేశంలో లేదు.

నేను ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా పనిచేసే రోజుల్లో, శనివారం బస్సులు తిరగవు కాబట్టి తెలుగువాళ్లం నలుగురం కలిసి వ్యాన్ మాట్లాడుకుని మృత సముద్రం వైపు వెళ్లేవాళ్లం. ఆ ఒడ్డునే ఏన్గెదీ ఉంది. సౌలు తరుముతుంటే దావీదు తలదాచుకున్న చోటు. అక్కడ వీటి కోసం వెతుక్కోనక్కర్లేదు. జలపాతానికి వెళ్లే దారి పక్కనే, బండల మీద బోర్లా పడుకుని ఎండ కాచుకుంటూ ఉంటాయి. ఒంటి వేడిని సరిగా నిలుపుకోలేవట, అందుకే పొద్దున్నే ఎండ పడందే కదలవు.

మూడు నాలుగు కిలోల బొద్దు జంతువు, మట్టిరంగు బొచ్చు. తోక కనబడదు. చెవులు చిన్నవి, గుండ్రంగా ఉంటాయి, అవి చూస్తేనే కుందేలు కాదని తెలిసిపోతుంది. ఒకటి దారి పక్కన తుమ్మచెట్టు కొమ్మెక్కి ఆకు తింటుంటే దగ్గరగా చూశాను. పై దవడ నుంచి రెండు పళ్లు కోరల్లా దిగి ఉన్నాయి. అవి నిజానికి ముందు పళ్లే, జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఏనుగు దంతాలు కూడా ముందు పళ్లే కదా. బతికున్న జంతువుల్లో దీనికి దగ్గరి చుట్టాలు ఏనుగూ, సముద్రపు ఆవూ అంటే మావాళ్లెవరూ నమ్మలేదు. అరికాలి చర్మం మెత్తగా, చెమటతో తడిగా ఉంటుంది. నిట్టనిలువు బండ మీద కూడా జారకుండా పరిగెత్తేది ఆ పట్టుతోనే.

సామెతల్లో వీటిని జ్ఞానం గలవని ఎందుకన్నారో అక్కడ ఒక్క నిమిషంలో అర్థమైంది. గుంపంతా మేస్తుంటే ఒకటి మాత్రం ఎత్తైన రాయెక్కి కాపలా కాస్తోంది. పైన గద్ద తిరిగింది. కాపలా కాస్తున్నది ఒక్క కూత పెట్టిందో లేదో, బండ మీద ఒక్కటంటే ఒక్కటీ లేదు, అన్నీ సందుల్లోకి దూరిపోయాయి. మగవి పాటలు కూడా పాడతాయి. పాట అంటే మన చెవికి మూలుగూ గురకా కలిసినట్టుంటుంది గానీ, ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు వాటిని రికార్డు చేసి చూస్తే ఆ శబ్దాలకు ఒక వరస ఉందనీ, ప్రాంతాన్ని బట్టి వాటికీ యాస మారుతుందనీ తేలింది.

ఇక పేర్ల గందరగోళం. 1611లో కింగ్ జేమ్స్ అనువాదం వచ్చేనాటికి ఇంగ్లండువాళ్లకు ఈ జంతువు తెలియదు. బండల్లో దూరే చిన్న జంతువు కాబట్టి తమకు తెలిసిన కోనీ పేరు పెట్టేశారు. అప్పట్లో కోనీ అంటే ఎదిగిన కుందేలు, ర్యాబిట్ అంటే దాని పిల్ల. జర్మన్‌లో లూథర్ కూడా కుందేలనే రాశాడు. దక్షిణాఫ్రికాకు వెళ్లిన డచ్చివాళ్లేమో దీన్ని చూసి, తమ దేశంలో బొరియల్లో ఉండే బ్యాడ్జర్ అనుకున్నారు. డచ్‌లో బ్యాడ్జర్‌ను దాస్ అంటారు, అందుకే అక్కడ దీన్ని ఇప్పటికీ డాసీ అంటారు. మన తెలుగు అనువాదకులను తప్పు పట్టలేం, చూడని జంతువుకు ఎవరైనా ఏం పేరు పెడతారు? అయితే లేవీయకాండం 11వ అధ్యాయంలో షఫాన్ తర్వాతి వచనంలోనే అసలు కుందేలు విడిగా వస్తుంది. రెండూ వేరని చెప్పడానికి అదొక్కటి చాలు. అక్కడ షఫాన్ నెమరు వేస్తుందని ఉంటుంది. జీవశాస్త్రం లెక్కన అది నెమరు కాదు గానీ, దవడలు అటూ ఇటూ ఆడిస్తూ కూర్చుంటే చూసేవాళ్లకు అచ్చం అలాగే అనిపిస్తుంది.

తమాషా ఏంటంటే, హీబ్రూ మాట్లాడేవాళ్లలోనూ చాలామంది మామూలు మాటల్లో కుందేలును షఫాన్ అనేస్తారు. నేను చూసుకున్న ముసలమ్మ మనవడి పుస్తకంలో క్యారెట్ తింటున్న షఫాన్‌కు పొడుగు చెవులున్నాయి!

సండేస్కూల్ పిల్లలకు బొమ్మ కావాలంటే నెట్‌లో రాక్ హైరాక్స్ అని వెతకండి. కోనీ అని కొడితే న్యూయార్క్ కోనీ ఐలాండ్ బీచ్ ఫొటోలొస్తాయి. హోలీ ల్యాండ్ టూర్‌లో కనబడితే ఫొటో తీసుకోండి గానీ చేత్తో ముట్టుకోవద్దు, తిండి పెట్టొద్దు. కొన్ని చోట్ల వీటిలో లీష్మానియా అనే చర్మరోగ క్రిమి ఉంటుంది, ఇసుక ఈగలు కుడితే అది మనుషులకు పాకుతుంది.